నాలుగో చక్రం

మొదటి మూడు చక్రాలూ సుత్తితో తడితే ఒకేలా మోగాయి. నాలుగోది వేరేగా మోగింది. దాన్ని ఇనుము కోసే లేత్‌కి బిగించి స్విచ్ వేశాను, చక్రం మెల్లగా తిరగడం మొదలైంది, చక్రాలు తెచ్చినాయన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. చూడనీ. పొద్దున ఆటో దిగినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు. లేత్ దగ్గర కూర్చుని పని చూసేవాళ్ళు ఎక్కువగా తమ ఇనుము నేనెక్కడ మార్చేస్తానో అని కాపలా కాసేవాళ్ళే, వాళ్ళ కళ్ళు ఇనుము మీదే ఉంటాయి. ఈయన కళ్ళు నా మీద ఉన్నాయి. వెనక్కి తిరగకుండానే తెలుస్తోంది. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఈ పనిలో అబ్బింది. పోత ఇనుము తెచ్చి స్టీలు అంటారు, మోటారు షాఫ్టు సమ్మెటతో బాది వంచేసి దానంతట అదే వంగింది అంటారు, కారం మిల్లు వాళ్ళైతే రోలర్ల మధ్య రాయి పడేసుకుని నా టర్నింగ్ బాగాలేదంటారు. అందుకే ఏది వచ్చినా కొయ్యకముందు సుత్తితో తట్టి వింటాను. మనిషిని కూడా అలా తట్టి వినే వీలుంటే ఈయన్ని పొద్దున్నే తట్టేవాణ్ణి.

పేరు సంజీవరావు. రైల్వేలో పట్టాలు తనిఖీ చేసే ఇనస్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. పొన్నూరు దగ్గర కొబ్బరితోట ఉందట, మన వైపు చిన్న పట్టాలన్నీ పీకేసి పెద్ద పట్టాలు వేశాక ఆ పాత పట్టాలు కొన్ని కొని తోటలో వేయించుకున్నాడట, వేలంలో ఒక ట్రాలీ కూడా పాడుకున్నాడట. ట్రాలీ అంటే పెద్ద బండేమీ కాదు. నాలుగు చిన్న చక్రాలు, పైన ఒక బల్ల. బల్ల మీద ఇనస్పెక్టరు కూర్చుంటే వెనక ఇద్దరు మనుషులు పట్టాల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తుతూ తోస్తారు. రంగు వేయించాడట, గొడుగు కట్టించాడట, చక్రాలు మాత్రం అరిగిపోయి సరిగ్గా నిలవడం లేదట. "కొత్తవి పోయించుకోవచ్చు గానీ, అవే ఉండాలయ్యా. పాతదాన్ని పాతదిగానే బతికించుకోవాలి," అన్నాడు గోతాలు విప్పుతూ. మిరపకాయల గోతాలు. చక్రాలతో పాటు గింజలు కూడా రాలాయి, ఇద్దరం తుమ్మాం. గుంటూరు ఆటోనగర్‌లో అడుగుకో లేత్ ఉంది. తెనాలిలో ఉన్నాయి. జేబులో ఇటుకంత సెల్ ఫోను పెట్టుకు తిరిగే మనిషికి ఆ సంగతి తెలియదా? అవన్నీ వదిలేసి ప్రత్తిపాడులో మా ఇంటి ముందు రేకుల షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. మా షాపు గురించి ఎవరు చెప్పారండీ అంటే, "ఎవరో చెప్పార్లే," అన్నాడు. ఎవరో చెప్పార్లే అనే మనిషికి ఎవరూ చెప్పి ఉండరు. నేనెవరో తెలిసే వచ్చాడా, తెలియక వచ్చాడా? మా నాన్న పేరు ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నేను మాత్రం ఆటోలోంచి కాలు బయటపెట్టగానే పట్టేశాను, మొహం చూసి కాదు, బూట్లు చూసి. తాళ్ళు బిగించి కట్టిన ఎర్రబూట్లు. చిన్నప్పుడు మా రైల్వే క్వార్టర్స్ గుమ్మం ముందు అవి ఆగితే నాన్న అన్నం తింటున్నవాడు తింటున్నట్టే లేచేవాడు.

మా నాన్న రసూల్ ఆ బూట్ల వెనక ఏళ్ళ తరబడి పరిగెత్తాడు. పట్టా మీద చెప్పులేసుకుంటే జారుతుంది, కాలివేళ్ళు ఇనుముని పట్టుకోవాలి, అందుకని వట్టికాళ్ళే. మిరపకాయలు ఎండబోసే రోజుల్లో పట్టా పెనంలా ఉండేది. సాయంత్రం గుమ్మంలో కాళ్ళు చాపుకుంటే అమ్మ ఆముదం రాసేది. ఆ అరికాళ్ళని నేను గోటితో గీకి ఆడుకునేవాణ్ణి, నాన్నకి తెలిసేది కూడా కాదు. ఒక పట్టా మీద నాన్న, రెండో పట్టా మీద పేరయ్య మామ. ఇద్దరి అడుగూ ఒకేసారి పడాలి, లేకపోతే బండి వంకరగా ఊగుతుంది. అది ఎంత అలవాటైపోయిందంటే, ఇద్దరూ కలిసి బజారుకి వెళ్ళినా అదే అడుగు పడేది, కూరగాయల దగ్గర ఆడవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో చెప్పగలను, నేను పదో తరగతిలో ఉండగా పోయింది. కొండ పక్క ఒంపులో ట్రాలీ పట్టా దిగింది. పల్లానికి వెళ్ళేటప్పుడు తోసేవాళ్ళిద్దరూ వెనక ఎక్కి కూర్చుంటారు, బ్రేకు కర్ర నాన్న చేతిలో ఉంటుంది. ఇనస్పెక్టరు తుప్పల్లో పడ్డాడు, నాన్న కంకర మీద పడ్డాడు, పేరయ్య మామ కాలు బండి కింద పడింది. మోకాలి కింద తీసేశారు. రసూల్ బ్రేకు వేయలేదని విచారణలో తేల్చారు. ఉద్యోగం పోయింది, క్వార్టర్స్ పోయింది, పేరయ్య మామ స్నేహం అన్నిటికంటే ముందు పోయింది. నాన్న ఒక్కటే మాట అనేవాడు. చక్రం అంచు పోయిందిరా, పట్టా ఎక్కేసింది. అంచంటే చక్రానికి లోపలివైపు పైకి లేచి ఉండే పెదవి. చక్రాన్ని పట్టా మీద నిలిపేది అదే. అరిగి అరిగి కత్తిలా పలచబడితే నిలపడం మానేసి తనే పట్టా మీదికి ఎక్కుతుంది. మరి ఆ మాట విచారణలో ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, లేచి బయటికి పోయేవాడు.

కోసే టూలు ఇనుముని పట్టుకుంది. సన్నగా, పొడుగ్గా ఇనప చుట్టలు రాలుతున్నాయి, ఎదురింటి పత్తి లోడు నుంచి ఎగిరొచ్చిన దూది వాటికి అంటుకుంటోంది. పన్నెండింటికి కరెంటు పోతుంది, ఆలోపల ఇది అవ్వాలి. అవ్వాలా? నాకెందుకు తొందర? తొందర ఆయనది. ఆదివారం మొదటిసారి నడుపుతాడట. "నువ్వు తప్పకుండా రావాలయ్యా. నీ చేత్తో ఒకసారి తోసి పెట్టాలి," అన్నాడు పొద్దున. తోసి పెట్టాలట! ఊరంతా వదిలేసి నా చేత్తో ఎందుకు? అప్పుడే అనుమానించాల్సింది, సుత్తి మోత దాకా ఆగకుండా. "ఈ నాలుగూ ఆ ట్రాలీవేనా అండీ?" అని పొద్దున గోతాలు విప్పుతుండగానే నోరు జారాను. "ఆ ట్రాలీ అంటే?" అన్నాడు. నాలిక కరుచుకున్నాను. "అదేనండీ, మీరు కొన్న ట్రాలీ." "అవే. నేను తిరిగిన ట్రాలీయే. నంబరు చూసుకుని మరీ పాడుకున్నాను." అంటే నాన్న తోసిన ట్రాలీ. పేరయ్య మామ కాలు తీసుకున్న ట్రాలీ. గోతాల మీద వరసగా పడుకుని ఉన్నాయి నాలుగు చక్రాలూ. ఒక్కోదాన్నీ తీసుకుని అంచు మీద రేకు గేజీ పెట్టి చూశాను, మంచి చక్రం అంచు ఎలా ఉండాలో ఆ ఆకారానికి కత్తిరించిన రేకు అది, ఆయనే తెచ్చాడు. మూడింటి అంచులు అరిగాయి, నిజమే, కానీ పట్టా ఎక్కేంత పదునుగా లేవు. నాలుగోదైతే బలంగా, నిండుగా ఉంది. నాలుగింటిలో ఒక్కటీ కత్తి కాదు. అయితే నాన్న అబద్ధం చెప్పాడా? చచ్చేదాకా అదే అబద్ధం చెప్పాడా మాకు? బ్రేకు నిజంగానే వేయలేదా? కునుకు తీశాడా? పేరయ్య మామ ఇప్పటికీ ఈ ఊళ్ళోనే మిర్చి కొట్ల ముందు చంకకర్ర పెట్టుకుని కూర్చుంటాడు, నేనెదురైతే మొహం తిప్పుకుంటాడు. నాన్న శవాన్ని ఆ వీధిలోంచి మోసుకెళ్తుంటే తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు చప్పుడు విని నేను పళ్ళు కొరుక్కున్నాను, చక్రం సంగతి తెలియని మూర్ఖుడు అనుకున్నాను. మూర్ఖుణ్ణి నేనేనా?

అప్పుడు సుత్తితో తట్టాను. అది వేరేగా మోగాక అడ్డకొలత చూసే కాలిపర్ పెట్టాను. మూడు చక్రాలూ దాదాపు ఒకే కొలతకి అరిగాయి, నాలుగోది చిటికెనవేలి మందం పెద్దది. కలిసి తిరిగిన చక్రాలు కలిసే అరుగుతాయి. ఇది మధ్యలో వచ్చి చేరింది. మార్చారు. మార్చారంటే దీని చోట అంతకుముందు ఒకటి ఉండేది, అది పనికిరాకుండా పోయింది. నాన్న చెప్పింది దాని గురించేనా? ఊపిరి వచ్చినట్టయింది, మళ్ళీ పోయింది. ఎప్పుడు మార్చారు? ట్రాలీ పడ్డాక మార్చి ఉంటే నాన్న మాట నిజం, విచారణకి వచ్చినవాళ్ళకి మంచి చక్రం చూపించి మోసం చేశారు. పడకముందే మార్చి ఉంటే, ఆ రోజు నాలుగూ మంచివే, తప్పు నాన్నదే. చక్రం తను అరిగానని చెబుతుంది గానీ ఎప్పుడు వచ్చానో చెప్పదు. తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు పోయారు, ఒకరు నా వెనక స్టూలు మీద ఉన్నారు. అడగొచ్చు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెబుతాడు, దాన్ని నేను నమ్మను, ఇంకెందుకు అడగడం? పైగా జత చక్రాలు ఒకే కొలతకి రాకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది, కాబట్టి పెద్దదాన్ని కోసి మిగతావాటికి సమానం చేయాలి. అంటే నాకు దొరికిన ఒక్కగానొక్క సాక్ష్యాన్ని నేనే, నా టూలుతోనే, పొరలు పొరలుగా కోసి కింద పోస్తున్నాను. అందుకే వచ్చాడా? కొబ్బరితోట, గొడుగు, పాతదాన్ని బతికించుకోవడం, అంతా పైపూతేనా? రసూల్ కొడుకు చేతనే చెరిపిస్తే ఇంక ఎవడు అడుగుతాడు అని! ఈ ఆలోచన రాగానే టూలు వెనక్కి తిప్పాను. తిప్పిన చప్పుడికి ఆయన కాళ్ళు కదిలాయి. చూశావా, వింటున్నాడు. మళ్ళీ ముందుకి తిప్పాను, ఈసారి జుట్టు మందం మాత్రమే పట్టేట్టు. ఎంత నెమ్మదిగా కోస్తే అంతసేపు ఉంటుంది.

అమ్మ సంగతి కూడా నాకు అర్థం కావడం లేదు. ఈ షెడ్డులోకి ఎవరొచ్చినా, ఎరువుల కొట్టు గుమాస్తా అయినా సరే, మా అమ్మ జైనాబీ టీ పంపకుండా ఉండదు. ఈయన్ని గుమ్మంలోంచి చూసింది, కొంగు తల మీదికి లాక్కుంది, లోపలికి పోయింది. అంతే. తిట్టలేదు. నా కొంప ముంచినవాడు వచ్చాడని ఏ ఆడదైనా దుమ్మెత్తి పోస్తుంది గదా. ఆమె లోపల చేటలో ఏదో చెరుగుతోంది, లేత్ చప్పుడులో కూడా ఆ చేట ఆగుతూ ఆగుతూ వినిపిస్తోంది, చెవి ఇటే ఉందన్నమాట. టీ రాలేదు గనక ఆయన మంచినీళ్ళు అడిగాడు. అందిస్తే నా సొమ్మేం పోయేది కాదు, కానీ చెయ్యి లేవలేదు, "అక్కడ ముంచుకోండి," అని గడ్డంతో చూపించాను. మూలన దిమ్మె మీద కుండ ఉంది. ఈ ఊరు వచ్చాక నాన్న మొట్టమొదట కట్టింది ఆ దిమ్మెనే. ఇంటికి తలుపు సరిగ్గా లేదు, ముందు కుండకి దిమ్మె కట్టాడు. కుండ కుదురుగా ఉండటానికి లోపల లారీ బ్రేక్ డ్రమ్ము పెట్టానని చెప్పి చుట్టూ సిమెంటు మెత్తాడు. ఏటా అమ్మ దానికి సున్నం కొడుతుంది. ఆయన వెళ్ళి నీళ్ళు తాగాడు. తాగడానికి పట్టేదానికంటే ఎక్కువసేపు అక్కడే నిలబడ్డాడు. ఏం చూస్తున్నాడు అక్కడ? "చల్లగా ఉన్నాయి," అన్నాడు. కుండ నీళ్ళు చల్లగా ఉండక వేడిగా ఉంటాయా?

అమానుల్లా మామ గుర్తొచ్చాడు, అమ్మ తమ్ముడు. నాన్న ఉద్యోగం పోయిన వేసవిలోనే నన్ను సైకిలు మీద ఎక్కించుకుని గుంటూరు తీసుకెళ్ళి లేత్ షాపులో చేర్పించాడు. మొదటి రోజు మిషన్ల మధ్య నిలబడి పైకి చూస్తే నీడ, పైన రేకులున్నాయి, కాళ్ళ కింద నల్లటి నూనె నేల, చల్లగా ఉంది. మా నాన్నకి ఇంత నీడ ఎప్పుడూ దొరకలేదే అనుకున్నాను. సున్నం కొట్టే పని చేసుకునే మామకి అంత పెద్ద షాపు వాళ్ళు ఎలా తెలుసో అప్పుడు తోచలేదు, ఇప్పుడెందుకు తోస్తోంది? అనుమానం ఒకసారి తలుపు తోసిందంటే ఇంట్లో అన్ని గదులూ చూసిగానీ వెళ్ళదు. కాలిపర్ పెట్టాను. తేడా సగానికి తగ్గింది.

కరెంటు పోయింది. మోటారు మూలిగి ఆగింది, చక్రం మాత్రం ఇంకాసేపు తనంతట తనే తిరిగింది. అది ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో వీధి చివర మిరపకాయలు తొక్కుతున్నవాళ్ళ దగ్గు కూడా వినిపించింది. లోపల చేట ఆగిపోయింది. ఇంక దాక్కోవడానికి నాకు చప్పుడు లేదు.

"ఈ నాలుగోది ఎప్పుడు మార్చారండీ?" అన్నాను. వెనక్కి తిరగలేదు.

"పట్టుకుంటావనే అనుకున్నాను. రసూల్ కొడుకువి."

"ఎప్పుడు మార్చారు?"

"ట్రాలీ పడ్డ రోజే. విచారణకి పెద్దవాళ్ళు వచ్చేలోపల."

"ఎవరు మార్చారు?"

"మీ నాన్నే."

పానా చేతిలో ఉంది. తిరిగాను. కొట్టేవాణ్ణేమో తెలియదు, ఆయన తప్పుకోలేదు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. "అంచు పోయిందని రసూల్ ముందే చెప్పాడు. ఒకసారి కాదు. వచ్చే నెల చూద్దాంలే అన్నాను. చూడాల్సిన ఉద్యోగం నాది, నిజం తేలితే పోయేది నాదే. గోడౌన్‌లో మంచి చక్రం ఉంది, వేసెయ్యి రసూలూ అన్నాను. వేశాడు."

"ఊరికే వేశాడా?" అన్నాను.

"నిన్ను పనిలో పెట్టించమన్నాడు. నా కొడుకు పట్టాల మీద పరిగెత్తకూడదండీ, నీడపట్టున పని ఏదైనా నేర్పించండి అన్నాడు. అదొక్కటే అడిగాడు. గుంటూరులో ఆ షాపు మా తోడల్లుడిది. మీ మామ వెంట వచ్చాడు, అంతే."

నేను చేసే పని, ఈ లేత్, ఈ చేతులు. అడగాల్సింది ఇంకొకటి మిగిలింది, నోరు దానంతట అదే అడిగింది. "పాత చక్రం ఏమైంది?"

"నాకు తెలియదు. ఎవరి కంటా పడదు లెండి, నా ఇంట్లోనే ఉంటుంది అన్నాడు."

ఇల్లంతా కళ్ళతో వెతకక్కర్లేకపోయింది. ఆయన నీళ్ళు తాగి ఎక్కడ ఎక్కువసేపు నిలబడ్డాడో అక్కడికే చూశాను. సుత్తీ ఉలీ తీసుకుని వెళ్ళి కుండ మీద చెయ్యి వేశాను, అది నిండుగా ఉంది. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. గుమ్మంలో ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది. "ముందు నీళ్ళు ఇందులోకి ఒంపుకోరా. తరవాత పగలగొట్టు." ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళూ సున్నం కొట్టింది అందుకే. ఆమె వైపు చూడలేక నీళ్ళు ఒంపాను, కుండ దించాను, సున్నం పెచ్చులు, సిమెంటు పెచ్చులు లేపాను. బ్రేక్ డ్రమ్ము కాదు. సిమెంటు కప్పి ఉంచినందుకు అంచు తుప్పు పట్టలేదు. దాని మీద గేజీ పెట్టక్కర్లేదు, అయినా పెట్టాను. రేకుకీ ఇనుముకీ మధ్య నుంచి ఎండ కనిపించింది. వేలు పెట్టి చూస్తే తెగింది.

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, రెండూ ఒకేసారి, ఎవరి మీదో తెలియకుండా. నాన్న అబద్ధం చెప్పలేదు. నిజాన్ని తెచ్చి ఇంట్లో పెట్టి దాని మీద కుండ పెట్టాడు, రోజూ మా అందరి చేతా ఆ నీళ్ళు తాగించాడు. నాకోసం. నన్ను నీడలో నిలబెట్టడానికి తన పరువు ఇచ్చాడు, అది ఆయనది, ఇచ్చుకున్నాడు. పేరయ్య మామకి దక్కాల్సిన నిజం కూడా ఇచ్చేశాడు, అది ఆయనది కాదు. ఒకే అడుగు వేసిన మనిషి తనని ఛీ కొడుతుంటే ఈ మూలకి వచ్చి నీళ్ళు తాగి ఊరుకున్నాడు.

"ఇప్పుడెందుకు వచ్చారు? లేత్‌లు ఇంకెక్కడా లేవా?"

"ఉన్నాయి," అన్నాడు సంజీవరావు. ఇంకేం చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు. నేను ఈ చక్రాన్ని చూసి పట్టుకోవాలని వచ్చాడా, పట్టుకోకపోతే అలాగే ఇంటికి పోదామని వచ్చాడా, ఇప్పటికీ చెప్పలేను. రెండూ అయి ఉండవచ్చు. కాసేపటికి లేచి, గోతాలు మడతపెట్టుకుంటూ, గొంతు తగ్గించి అడిగాడు, "ఆదివారం మరి... వస్తావా?"

"వస్తానండి. కరెంటు రాగానే మీ నాలుగోది కూడా సమానం చేసి పెడతాను. ముందు ఇది మోసుకెళ్ళి పేరయ్య మామకి చూపిస్తాను. తలుపు తీస్తే ఆయన్ని కూడా తీసుకొస్తాను. మేమిద్దరం బల్ల మీద కూర్చుంటాం, గొడుగు కింద. మీరు తోయండి. బూట్లు విప్పి, పట్టా మీద."

అమ్మ బిందె కింద పెట్టింది. సంజీవరావు వంగి తన బూట్ల తాళ్ళ వైపు చూసుకున్నాడు, చాలాసేపు చూసుకున్నాడు. విప్పుతాడని నాకు నమ్మకం లేదు. ఆదివారం చూస్తాను.